లోతుకు పూచీపడే ఓడలు

(ప్రపంచ హైడ్రోగ్రఫీ దినోత్సవం సందర్భంగా విశాఖపట్నంలో జరిగిన విద్యార్థుల సభలో, నౌకాదళ సర్వే విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న ఒక అధికారి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

జూన్ 21 అనగానే ఇప్పుడు అందరికీ యోగా గుర్తుకొస్తుంది. 2025లో ఆ రోజున మన బీచ్ రోడ్డు పొడవునా చాపలు పరచుకొని లక్షలాది జనం ఆసనాలు వేశారు. అదే తేదీన హైడ్రోగ్రఫీకి, అంటే సముద్రపు లోతును, నేలను కొలిచి పటం గీసే పనికి, ఒక దినోత్సవం కూడా ఉందన్న సంగతి మావంటి కొద్దిమందికి తప్ప పెద్దగా పట్టదు. అందుకు నాకేమీ చింత లేదు. సర్వే ఓడ తన పని సరిగ్గా చేసినన్నాళ్లూ దాని ఊసు ఎవరూ ఎత్తరు. ఎక్కడో ఒక ఓడ నేలకు తగిలిన రోజునే, ఆ చోటు చార్టు, అంటే సముద్ర పటం, ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు అని ఆరా తీస్తారు. 1921 జూన్ 21న మొనాకోలో అంతర్జాతీయ హైడ్రోగ్రాఫిక్ బ్యూరో ఏర్పడింది, ఆ తేదీనే ఈ దినోత్సవానికి తీసుకున్నారు. మన దేశం 1955లో అందులో సభ్యురాలైంది. మన సముద్ర చార్టులన్నిటినీ తయారుచేసే నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీసు 1954 నుంచి డెహ్రాడూన్‌లో ఉంది. అలల చప్పుడు వినిపించని హిమాలయ పాదాల దగ్గర కూర్చుని బంగాళాఖాతాన్ని గీస్తారా అని విద్యార్థులు నన్ను చాలాసార్లు అడిగారు. గీసేది అక్కడైనా, కొలిచేది ఇక్కడ. ఆ కొలిచే పని గురించే ఈ రోజు చెప్పదలచుకున్నాను.

చార్టు మీద ఒకచోట 12 అని చిన్న అంకె ఉంటుంది. అక్కడ పన్నెండు మీటర్ల నీరుందని చూసినవారు అనుకుంటారు. నిజానికి ఆ అంకె వెనుక చాలా షరతులున్నాయి: ఫలానా ఏడాదిలో, ఫలానా పరికరంతో, ఫలానా నీటిమట్టాన్ని సున్నాగా పెట్టుకొని, ఉష్ణోగ్రతకు, ఉప్పదనానికి, అలలకు, ఆటుపోట్లకు తగిన సవరణలు చేసి, ఆ తరువాత ఇంతకన్నా తక్కువ లోతు ఇక్కడ లేదని ఒక బృందం సంతకం పెట్టి చెప్పిన మాట అది. సర్వే ఓడలో ఉండే మనుషుల కాలమంతా ఈ సంతకానికి అర్హత సంపాదించడంలోనే గడిచిపోతుంది. లోతు కొలవడానికి క్షణం చాలు. ఆ కొలతలో ఎంత తప్పు దాగి ఉందో తేల్చడానికి వారాలు పడుతుంది.

ముందు మన ఊరి సంగతి చూద్దాం, ఎందుకంటే ఒకసారి కొలిస్తే సరిపోదా అనే ప్రశ్నకు విశాఖ తీరమే మంచి జవాబు. ఈ రేవు 1933లో ప్రారంభమైంది. డాల్ఫిన్ నోస్ కొండ కింద ప్రవేశ మార్గాన్ని అలల నుంచి, ఇసుక నుంచి కాపాడడానికి నాటి ఇంజనీర్లు రెండు పాత ఓడలను కావాలని ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. వాళ్లకు భయమంతా ఇసుకతోనే. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు తీరానికి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి, దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. 1970లలో బయటి రేవు కోసం పెద్ద అడ్డుగోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపున ఆగిపోవడం, ఆర్.కె. బీచ్ వైపు ఒడ్డు కోతకు గురికావడం మీ పెద్దలు కళ్లారా చూసినదే. అందుకే ఇసుక చేరే గుంటను ఏటా తవ్వి, ఆ ఇసుకను గొట్టాలతో బీచ్ మీదికి పంపుతారు. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉండడం ఎంత సబబో దీన్నిబట్టి తెలుస్తుంది. తవ్వకానికి ముందు కొలవాలి, తవ్విన తరువాత మళ్లీ కొలవాలి. ఎంత ఇసుక తీశారన్న లెక్కా, దాని బిల్లూ ఆ రెండు కొలతల తేడా మీదే ఆధారపడతాయి. రేవు లోపలి ఈ నిత్యకృత్యాన్ని పోర్టు సర్వే విభాగమే చూసుకుంటుంది. దాని ఆవల, తీరం పొడవునా, లోతు సముద్రం దాకా నౌకాదళ ఓడల బాధ్యత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో కూలిన చెట్లను మనం లెక్కపెట్టుకున్నాం. అటువంటి తుఫాను తరువాత నీటి కింద ఏ దిబ్బ ఎటు జరిగిందో, దారి చూపడానికి నీటి మీద తేలే ఏ బోయా లంగరు తెంచుకొని ఎటు కొట్టుకుపోయిందో, ఏ కంటైనరు మార్గం మధ్యలో పడి ఉందో చూసి చెప్పేదాకా పెద్ద ఓడను లోపలికి రమ్మనడానికి వీలుండదు.

ఇక కొలత సంగతి. పూర్వం సీసపు గుండును తాడుకు కట్టి దింపేవారు. గుండు అడుగున చిన్న గుంటలో కొవ్వు మెత్తేవారు. నేలకు తగిలినప్పుడు ఇసుకో, బురదో, గవ్వ ముక్కలో దానికి అంటుకొని పైకి వచ్చేవి. లోతుతో పాటు నేల స్వభావం కూడా అలా తెలిసేది. లంగరు వేసేవాడికి రెండవదే ఎక్కువ అవసరం. ఆ రోజుల్లో లోతులు ఫాదమ్‌లలో రాసేవారు. ఆరడుగుల ఆ కొలత మన జాలరుల బారకు దగ్గరగా ఉంటుంది. సీసపు గుండు గుచ్చిన చోట లోతు నిఖార్సుగా చెప్పేది, దాని పక్కనే నిలువునా లేచిన రాయి సంగతి మాత్రం దానికి తెలియదు. గత శతాబ్దపు మొదటి భాగంలో శబ్దంతో కొలిచే ఎకో సౌండర్ వచ్చాక ఓడ నడిచే దారి పొడవునా లోతు తెలియసాగింది. ఓడ అడుగు నుంచి చిన్న శబ్దం వదులుతారు, అది నేలకు కొట్టుకొని తిరిగి వస్తుంది, పోయి వచ్చిన కాలాన్ని శబ్దవేగంతో గుణించి సగం చేస్తే లోతు. ముప్పై మీటర్ల నీటిలో ఈ రాకపోకలకు పట్టేది సెకనులో ఇరవై ఐదో వంతు.

లెక్క ఇంత సులభమైతే మాకు ఉద్యోగాలుండేవి కావు. నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1500 మీటర్లని పాఠ్యపుస్తకంలో ఉంటుంది. ఆ ‘సుమారు’ అన్న మాటలోనే చిక్కంతా ఉంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే వేగం రెండున్నర, మూడు మీటర్లు పెరుగుతుంది. ఉప్పదనం వెయ్యింట ఒక వంతు పెరిగితే ఒక మీటరుకు కాస్త పైన పెరుగుతుంది. కిందికి పోయిన కొద్దీ, ప్రతి వంద మీటర్లకూ, ఒత్తిడి వల్ల మరో 1.7 మీటర్లు కలుస్తుంది. బంగాళాఖాతం ఈ విషయంలో మొండి ఘటం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్లు వానల తరువాత ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలుతాయి, అంత తొందరగా కలవవు. శీతకాలంలో ఉత్తరాన పైపొర చల్లగా, దాని కింది పొర వెచ్చగా ఉండే సందర్భాలు కూడా ఉన్నాయి. ఒకే రోజు ఉదయం ఒక నదీముఖం దగ్గర తీసిన శబ్దవేగపు కొలత, సాయంత్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో పనికిరాకపోవచ్చు. వేగంలో నూటికి ఒక వంతు పొరపాటుంటే వంద మీటర్ల లోతులో ఒక మీటరు తప్పు వచ్చినట్లే. అందువల్ల సర్వే ఓడ కొన్ని గంటలకోసారి ఆగి, లేదా నెమ్మదించి, వేగం కొలిచే పరికరాన్ని నేలదాకా దించి పైకి లాగుతుంది. చూసేవారికి అది ఏ పనీ లేక నిలబడినట్లు కనిపిస్తుంది.

చిన్న సర్వే మోటారు బోట్లలో ఒకే కిరణపు ఎకో సౌండర్ వాడేటప్పుడు ఉదయం పని మొదలుపెట్టే ముందు జరిగే తంతు ఒకటి చెబుతాను. అలలు లేని చోటు చూసి బోటును నిలుపుతారు. రెండు పక్కలా ఇద్దరు సెయిలర్లు గుర్తులు కట్టిన గొలుసులు పట్టుకొని, వాటి మధ్య వేలాడే ఇనుప పలకను సరిగ్గా పరికరం కిందికి దించుతారు. రెండు మీటర్లు అని అరుస్తారు. లోపల తెర మీద రెండు రావాలి. నాలుగు అంటే నాలుగు. పది మీటర్లకు దించినప్పుడు 10.1 వస్తే ఆ పది సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయో తేలేదాకా బోటు కదలదు. బోటులో ఎంత డీజిలు ఉంది, ఎంతమంది ఎక్కారు, దానివల్ల అది ఎంత మునిగింది అన్నది కూడా ఆ లెక్కలోకి వస్తుంది. గొలుసు పట్టుకున్న కుర్రాడి వేళ్లు ఉప్పునీటికి నాని, తుప్పు మరకలతో గోధుమరంగుకు తిరుగుతాయి. పెద్ద ఓడల మీద కోట్ల రూపాయల పరికరాలు వచ్చాయి కానీ, ఈ పలక ముందు అన్నీ తలవంచవలసిందే అని మా విభాగంలో పాతకాపులు అనేవారు.

ఇప్పుడు ప్రధాన పరికరం మల్టీబీమ్ ఎకో సౌండర్. ఇది ఒక్క కిరణం బదులు వందలాది కిరణాలను విసనకర్రలా అటూ ఇటూ పరుస్తుంది. నేల మీద అది కప్పే వెడల్పు లోతును బట్టి ఉంటుంది, అంటే లోతుకు నాలుగు రెట్లు అనుకోండి. ఇక్కడ చాలామంది తలకిందులుగా ఊహిస్తారు. రెండు వేల మీటర్ల లోతున్న చోట ఒక్క దారికి ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు వచ్చేస్తుంది. ఇరవై మీటర్ల లోతున్న తీరప్రాంతంలో వచ్చేది ఎనభై మీటర్లే, అందులోనూ పక్క దారితో కొంత కలవాలి కాబట్టి అరవై మీటర్లకు ఒక దారి చొప్పున, పొలంలో చాలు పక్కన చాలు దున్నినట్లు, పోతూ ఉండాలి. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ఉన్న ముక్కకు అలాంటి దారులు నూట అరవైకి పైగా అవుతాయి. ఎనిమిది నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు పదిహేను కిలోమీటర్ల చొప్పున, మలుపులు లెక్కలోకి తీసుకోకుండానే, నూట పది గంటల పని. లోతు తక్కువైన చోటే శ్రమ ఎక్కువ, ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ, ఎందుకంటే కొలిచే ఓడ కూడా తన అడుగున ఏముందో తెలియని నీళ్లలోనే పోవాలి. అందుకే ముందు చిన్న బోట్లను పంపుతారు.

అంచు కిరణాలతో మరో తంటా ఉంది. ఓడ ఊగుతుంది. యాభై మీటర్ల లోతులో, నిలువుకు అరవై డిగ్రీల వాలులో పోయే కిరణం విషయంలో ఓడ ఒరిగిన కోణాన్ని అర డిగ్రీ తప్పుగా లెక్కిస్తే లోతులో ముప్పావు మీటరు తేడా వస్తుంది. దీన్ని సరిదిద్దడానికి ఓడ ఊపును సెకనుకు అనేకసార్లు నమోదు చేసే సెన్సారు ఉంటుంది. ఆ సెన్సారునూ పరికరాన్నీ ఎంత ఖచ్చితంగా బిగించారో తెలుసుకోవడానికి ఒకే దారిలో ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో నడిపి పోల్చిచూస్తారు. రేవుల వంటి కీలక ప్రాంతాల్లో నేల మీద ఒక మీటరు ఘనమంత వస్తువును కూడా గుర్తించగలగాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. అందుకు సైడ్ స్కాన్ సోనార్ తోడవుతుంది. ఇది పక్కలకు శబ్దం పంపి, నేల మీద లేచిన వస్తువు వెనుక పడే నీడను చూపిస్తుంది. ఆ నీడ పొడవును బట్టి వస్తువు ఎత్తు లెక్కకడతారు. మునిగిన ఓడలు ఇందులో తేలిగ్గా పట్టుబడతాయి. 1944లో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110, 1971 డిసెంబరు యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, రెండూ మన విశాఖ తీరానికి ఎదురుగానే ఉన్నాయి. మీరు బీచ్‌లో కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూసి ఉంటారు. దానికన్నా పాతవైన ఈ జలాంతర్గాములు నీటి కింద ఎటువంటి స్థితిలో ఉంటాయో సోనార్ తెర మీద చూస్తే ఆ సందర్శన మరోలా అనిపిస్తుంది.

ఆటుపోట్ల మాట చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా నీటిమట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల దాకా పోతుంది. చార్టు మీది లోతును సగటు మట్టం నుంచి లెక్కించరు. ఆటు సమయంలో నీరు సాధారణంగా ఇంతకన్నా కిందికి దిగదు అనే మట్టాన్ని సున్నాగా తీసుకుంటారు, నావికుడికి చెప్పిన దానికన్నా ఎక్కువ నీరే దొరకాలి కాని తక్కువ దొరకకూడదు. విశాఖ రేవులో నీటిమట్టం నమోదు 1930ల నుంచి ఉండడం మన అదృష్టం. అటువంటి రికార్డు లేని చోట, సర్వే జరిగినన్నాళ్లూ ఒడ్డున గుర్తులు గీసిన కర్ర పాతి, పక్కన నీటిమట్టం నమోదు చేసే టైడ్ గేజ్ పెట్టి, దాన్ని ఎవరూ కదిలించకుండా ఒక మనిషిని కాపలా ఉంచవలసి వస్తుంది. మేకలు కట్టేయడానికి ఆ కర్ర బాగా పనికొస్తుందని తీరప్రాంతపు పిల్లలకు తొందరగానే తెలిసిపోతుంది.

మన జాలరుల విషయం కూడా చెప్పాలి. సర్వే ఓడ గీత గీసినట్లు నిటారుగా పోవాలి, వాళ్ల వలలు మాత్రం చేపలున్న చోట ఉంటాయి. భీమిలి నుంచి గంగవరం వరకు ఏ దారి గీసుకున్నా ఎక్కడో ఒకచోట వల అడ్డం వస్తుంది. వెనుక లాగే సోనార్ తీగకు వల చుట్టుకుంటే మాకు పరికరం నష్టం, వాళ్లకు నెల కూడు నష్టం. ముందుగా మత్స్యశాఖ ద్వారా కబురు పంపుతారు. అయినా నీటి మీద పనికొచ్చేది తెలుగు వచ్చిన ఒక సెయిలర్ మెగాఫోన్‌లో “ఓ బాబూ, వల ఎటేపేసినారు?” అని అడగడమే. కైలాసగిరి, డాల్ఫిన్ నోస్, సింహాచలం కొండ వంటి గుర్తులను ఒకదానితో ఒకటి కలుపుకొని సముద్రం మధ్యలో తమకు కావలసిన రాతినేల మీదికి సూటిగా చేరే నేర్పు వాళ్లది. జీపీఎస్ రాకముందు మేము సెక్స్‌టెంట్‌తో కోణాలు తీసి చేసిన పని కూడా సూత్రంలో అదే. వాళ్లు రాయి ఉందన్న చోట కొలవకుండా ముందుకు పోవడం తెలివైన పని కాదు.

చరిత్రను క్లుప్తంగా చెప్పి ఓడల దగ్గరికి వస్తాను. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మైకేల్ టాపింగ్ అనే ఆయన మన తీరాన్ని, కృష్ణా గోదావరి ముఖాలను, కోరంగి అఖాతాన్ని సర్వే చేసి 1796లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. అండమాన్‌ను సర్వే చేసిన ఆర్చిబాల్డ్ బ్లెయిర్ పేరు పోర్ట్ బ్లెయిర్‌కు పెట్టారు, 2024లో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మారింది. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే విభాగం ఏర్పడింది, నేటి సంస్థకు మూలం అదే. స్వాతంత్ర్యం తరువాత మన దేశంలోనే కట్టిన తొలి సర్వే ఓడ దర్శక్. దాన్ని కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డు, నౌకాదళంలో చేరింది 1964లో. ఆ తరువాత రియర్ అడ్మిరల్ ఫ్రేజర్ పట్టుదలతో, కోలకతా గార్డెన్ రీచ్‌లో కట్టిన సంధాయక్ 1981 ఫిబ్రవరి 26న సేవలోకి వచ్చి, నలభై ఏళ్లు పనిచేసి, 2021 జూన్ 4న ఇక్కడే విశాఖలో పతాకం దించుకుంది. అదే పేరుతో కొత్త సంధాయక్ 2024 ఫిబ్రవరి 3న మన నేవల్ డాక్‌యార్డులోనే నౌకాదళంలో చేరింది. అదే ఏడాది డిసెంబరు 18న నిర్దేశక్ కూడా ఇక్కడే చేరింది. మూడవదైన ఇక్షక్ 2025 నవంబరులో కొచ్చిలో చేరింది. 2018లో ఒప్పందం కుదిరిన నాలుగు ఓడల వరుస ఇది. ఒక్కొక్కటి 110 మీటర్ల పొడవు, సుమారు 3400 టన్నుల బరువు, ఎనభై శాతానికి పైగా స్వదేశీ సామగ్రి. వీటి మీద సర్వే మోటారు బోట్లతో పాటు నీటి కింద తనంతట తాను తిరిగే వాహనం, తీగతో నడిపే మరో వాహనం ఉంటాయి. తెల్లటి దేహం, పసుపు పొగగొట్టం చూసి మీరు దూరం నుంచే వీటిని గుర్తుపట్టవచ్చు. బూడిదరంగు యుద్ధనౌకల మధ్య పెళ్లిబట్టల్లో నిలబడ్డట్టు ఉంటాయి.

ఈ ఓడలకు మరో ముఖం కూడా ఉంది. వీటిని అవసరమైతే ఆసుపత్రి ఓడలుగా మార్చవచ్చు. 2004 డిసెంబరు సునామీ తరువాత సర్వే ఓడలైన జమున శ్రీలంకకు, నిరూపక్ ఇండోనేషియాకు అలాగే వెళ్లాయి. ఆ సునామీ సర్వే వాళ్లకు పని కూడా మిగిల్చింది. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది, దీపస్తంభం మొదలు నీళ్లలోకి పోయింది. ద్వీపాల చుట్టూ ఉన్న పాత అంకెలన్నీ ఒక్క ఉదయంలో అనుమానాస్పదమయ్యాయి. సహాయ సామగ్రి తెచ్చే ఓడలు జెట్టీకి చేరాలంటే ముందు సర్వే బోట్లు దారి కొలవాలి.

పాత అంకెను నమ్మితే ఏమవుతుందో రెండు ఉదాహరణలు. 1992 ఆగస్టులో క్వీన్ ఎలిజబెత్ 2 అనే పెద్ద ప్రయాణికుల ఓడ అమెరికా మసాచుసెట్స్ తీరంలో రాళ్లకు ఒరుసుకుంది. అక్కడి చార్టు 1939 నాటి సర్వే మీద ఆధారపడింది. పైగా లోతు తక్కువ నీటిలో వేగంగా పోయే ఓడ మరింత కిందికి దిగుతుందన్న సంగతిని తగినంతగా లెక్కలోకి తీసుకోలేదు. 2005 జనవరి 8న అమెరికా అణు జలాంతర్గామి శాన్ ఫ్రాన్సిస్కో పసిఫిక్‌లో, గువామ్‌కు దక్షిణాన, నీటి కింద పూర్తి వేగంతో పోతూ ఒక సముద్రగర్భ పర్వతాన్ని ఢీకొట్టింది. ఒక నావికుడు మరణించాడు, పదుల సంఖ్యలో గాయపడ్డారు. వాళ్లు వాడిన చార్టులో ఆ కొండ లేదు. ఆ దగ్గరలో రంగు మారిన నీరు కనిపించినట్లు వేరే చార్టుల్లో సూచన ఉంది, దాన్ని ఈ చార్టులోకి ఎక్కించుకోలేదు. చార్టు గీసేవారు ఒకే చోట పది కొలతలుంటే అన్నిటికన్నా తక్కువ లోతునే ఎందుకు ఎంచుకుంటారో, అనుమానపు రాయిని కూడా చుక్కలగీతతో ఎందుకు చూపిస్తారో ఈ రెండు సంఘటనలు చెబుతాయి. ఈ రోజుకు కూడా ప్రపంచ సముద్రపు నేలలో ఆధునిక పద్ధతిలో కొలిచినది నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే.

లోతు లెక్క రాజకీయం కూడా. జలాంతర్గామి దాక్కోవడానికి, దాన్ని వెతకడానికి కావలసినవి ఇవే వివరాలు: నేల వాలు, నేల స్వభావం, శబ్దవేగపు పొరలు. మన ఓడలు మారిషస్, సీషెల్స్, శ్రీలంక, టాంజానియా వంటి స్నేహదేశాల కోరిక మీద వాటి నీళ్లలో సర్వేలు చేసి చార్టులు తయారుచేసి ఇచ్చాయి. మాల్దీవులతో 2019లో అటువంటి ఒప్పందమే కుదిరింది. 2023 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం దాన్ని కొనసాగించబోమని ప్రకటించింది. ఆ నిర్ణయం మనకు రుచించకపోవచ్చు, కానీ తన సముద్రపు నేల వివరాలు తన దగ్గరే ఉండాలని ఒక దేశం అనుకోవడంలో నాకు వింతేమీ కనిపించదు. మన నీళ్లలోకి అనుమతి లేకుండా పరిశోధన ఓడ వస్తే మనమూ ఊరుకోము.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగిస్తాను. మీ విభాగంలో విశాఖ రేవు చార్టు ఉంటే తెరిచి, అంకెల జోలికి పోకముందు మూలన ఉన్న చిన్న పటాన్ని చూడండి. ఏ ముక్కను ఏ ఏడాది, ఏ పద్ధతిలో కొలిచారో అందులో రాసి ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు ముక్కల మధ్య దశాబ్దాల తేడా కనిపించవచ్చు. ఆ తరువాత డెహ్రాడూన్ నుంచి పక్షానికోసారి వెలువడే నావికుల ప్రకటనలు తీసి, ఆ చార్టుకు వచ్చిన సవరణలు ఊదారంగు సిరాతో ఎక్కించండి. ఎలక్ట్రానిక్ చార్టు వాడినా ఈ కసరత్తు ఒకసారి చేతితో చేస్తేనే వంటబడుతుంది. ఇక మీ ప్రశ్నలు అడగవచ్చు. జలాంతర్గాములు ఎక్కడ దాక్కుంటాయన్నది తప్ప మిగతా వాటన్నిటికీ నాకు తెలిసినంతలో జవాబు చెబుతాను.